డబ్బు కట్టని 248 ఖాతాలు: మే 1న తీసేద్దామనుకుంటున్నాం, మీరైతే ఏం చేస్తారు?

బెజవాడ_డెవ్ | ఏప్రిల్ 21, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. విజయవాడలో మేం నలుగురం కలిసి ఎరువులు, పురుగుమందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. నాలుగేళ్లయింది. బిల్లులు, స్టాకు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, రైతుల అరువు ఖాతాలు, జీఎస్టీ రిపోర్టులు అన్నీ అందులోనే. సబ్‌స్క్రిప్షన్ ఏడాదికి. ఒక కౌంటర్‌కి 6,000, మూడు కౌంటర్లయితే 12,999, పైన 18 శాతం జీఎస్టీ.

మొన్న కూర్చుని లెక్క తీస్తే మొత్తం ఖాతాలు 1,140. డబ్బు కడుతున్నవి 702. ఇంకో 190 మంది ట్రయల్ తెరిచి ఒక్క బిల్లు కూడా కొట్టలేదు. మిగిలిన 248 దగ్గరే మా తలనొప్పంతా. ఒకప్పుడు కట్టినవాళ్లే. రెన్యువల్ తేదీ దాటింది, కట్టలేదు. సగానికి పైగా మూడు నెలలుగా లాగిన్ కూడా కాలేదు. రోజూ రాత్రి బ్యాకప్ వీటికీ నడుస్తోంది, ఎక్స్‌పైరీ అలర్టు ఎస్ఎంఎస్‌లు వీటికీ పోతున్నాయి, ఆ ఖర్చంతా మాదే.

అనుకున్నది ఇది: రెన్యువల్ కట్టకుండా 90 రోజులు లాగిన్ లేకపోతే లాక్, ఇంకో 30 రోజులకి డేటా డిలీట్. మే 1 నుంచి. ఆ పని తనంతట తనే చేసే స్క్రిప్టు రాసి పెట్టాను. నడపడానికి మనసొప్పక ఇక్కడ అడుగుతున్నా.

కరీంనగర్_కోడ్ | ఏప్రిల్ 21, ఉదయం 10:15

మనసొప్పకపోవుడేందన్నా. నేను స్కూళ్లకు ఫీజుల సాఫ్ట్‌వేర్ చేసిన. మొహమాటానికి పోయి 40 స్కూళ్లను రెండేండ్లు ఊకనే నడిపిచ్చిన. "ఫీజులు రాంగనే ఇస్తం సార్" అన్నరు. వాళ్ల ఫీజులు వచ్చినయ్, మా పైసలు రాలే. ఆఖరుకు ఇద్దరు పిల్లలను కొలువుల నుంచి తీసెయ్యవలసి వచ్చింది. ఆ దినం వాళ్ల మొఖం చూడలేకపోయిన.

కరెంటు బిల్లు కట్టకుంటే లైను కోస్తరు, ఎవ్వరూ ఏమనరు. మనం చేసింది మాత్రం ఊకనే ఎందుకియ్యాలె? తేదీ దాటిన తెల్లారే లాక్ జెయ్యి.

పల్నాడు_షాపు | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 2:30

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. నరసరావుపేట దగ్గర పురుగుమందుల షాపు నాది. మా అబ్బాయి ఈ చర్చ చూపించి "నాన్నా, ఇది నీ సంగతే" అన్నాడు. అందుకని రాస్తున్నా.

బెజవాడ_డెవ్ గారూ, మీ 90 రోజులు మా లెక్కకి కుదరవండి. ఫిబ్రవరి దాటాక మందు కొనేవాళ్లు తగ్గిపోతారు. మిర్చి కోతలయ్యాక రైతు యార్డు చుట్టూ తిరుగుతుంటాడు, మేం రైతు చుట్టూ తిరుగుతుంటాం. పొద్దున్నే షాపు తీసి కూర్చుంటాం గానీ కంప్యూటర్‌తో పని పడదు. మార్చి, ఏప్రిల్, మే. మీ 90 రోజులు సరిగ్గా అక్కడే పడతాయి. ఆ మూడు నెలలు చూసి వీడు మానేశాడనుకుంటే, తొలకరి పడ్డ రోజున మేం వచ్చేసరికి ఖాతా ఉండదు.

నాకు జరిగింది చెబుతా. మూడేళ్ల కిందట వేరే కంపెనీది వాడేవాణ్ణి, పేరెందుకు లెండి. రెన్యువల్ జూన్ 20. ఆ వారం చేతిలో రూపాయి ఆడలేదు, ఉన్నదంతా విత్తనాల మీదా ఎరువుల మీదా పెట్టేశాను. 21న పొద్దున పదకొండింటికి, కౌంటర్ ముందు ఏడెనిమిది మంది రైతులు నిలబడి ఉండగా, స్క్రీన్ మీద ఎర్రటి పట్టీ వచ్చింది. "బకాయి చెల్లించనందున మీ ఖాతా నిలిపివేయబడింది". మా స్క్రీను పక్కకి తిప్పి ఉంటుంది, రైతులకి కూడా కనపడాలని. వెనక నిలబడ్డ ఒకాయన చదివి, "ఏవండీ, మీరూ బాకీయేనా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం. కానీ నేను బాకీలు వసూలు చేసుకుని బతికేవాణ్ణి. ఆ సీజన్ అంతా ఆ ఊరి రైతుల్ని గట్టిగా అడగడానికి నాకు నోరు రాలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. 212 మంది రైతుల అరువు అందులోనే ఉంది. ఎవరు ఎంత ఇవ్వాలో కనపడలేదు. బిల్లుల కార్బన్ కాపీలు ముందేసుకుని నేనూ మా ఆవిడా నాలుగు రాత్రులు పుస్తకంలో తిరగరాశాం. కొన్ని దొరకనే లేదు. పదో రోజున డబ్బు కడితే ఖాతా తెరిచారు గానీ, ఏడాది తిరక్కుండానే మేం పుస్తకానికి వచ్చేశాం. ఇప్పటికీ పుస్తకమే.

కట్టనివాణ్ణి ఆపండి, తప్పులేదు. కానీ ఆ అరువు లెక్క మీది కాదు. అందులో సగం నాదీ కాదు, ఆ రైతులది.

కరీంనగర్_కోడ్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 3:05

పెద్దాయనా, మీరు చెప్పింది మనసుకు తాకింది. కొత్త బిల్లు కొట్టనియ్యకపోవుడు వేరు, పాత లెక్క చూడనియ్యకపోవుడు వేరు. నేను రెంటినీ ఒక్కతీరుగనే చూసిన. మొదటి దాని మీద మాత్రం నా మాట మారది. కట్టనోడు కొత్త బిల్లు కొట్టొద్దు.

మాదాపూర్_బ్యాకెండ్ | ఏప్రిల్ 21, సాయంత్రం 6:20

బెజవాడ_డెవ్ గారూ, ఆ స్క్రిప్టు పక్కన పెట్టి ముందు ఒకటి చూడండి. 12,999కి 18 శాతం కలిపితే 15,338 రూపాయల 82 పైసలు. కస్టమర్‌ని మళ్లీ అడగకుండా ఆటో డెబిట్ చేసుకునే పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2022 జూన్‌లో 5,000 నుంచి 15,000కి పెంచింది. అది దాటితే ప్రతిసారీ కస్టమర్ ఓటీపీయో పిన్నో కొట్టాల్సిందే. కార్డు మాండేట్ (ముందే ఇచ్చి ఉంచే ఆటో డెబిట్ అనుమతి) అయినా, యూపీఐ ఆటోపే అయినా అంతే. డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు మెసేజ్ పోతుంది. దాన్ని చూసి ఆమోదం తెలపాలి. కౌంటర్లో బస్తాల లెక్క చూసుకునే మనిషి ఆ మెసేజ్ తెరుస్తాడా?

మీ మూడు కౌంటర్ల వాళ్లు కట్టనివాళ్లు కాకపోవచ్చు. 338 రూపాయలు పరిమితి దాటడం వల్ల ఆగిపోయినవాళ్లు కావచ్చు. పేమెంట్ గేట్‌వే లాగ్స్‌లో ఫెయిల్ అయిన కారణం ఉంటుంది, తీసి చూడండి.

బెజవాడ_డెవ్ | ఏప్రిల్ 21, రాత్రి 11:50

ఇప్పుడే లాగ్స్ చూసి వస్తున్నా. 248లో మూడు కౌంటర్ల ప్లాన్‌వి 57. వాటిలో ఆటోపే పెట్టుకున్నవి 41. నలభై ఒక్కటీ అదే కారణంతో ఫెయిల్. మేం వాళ్లకి "మీ చెల్లింపు విఫలమైంది" అని ఇంగ్లీషులో మూడు మెయిళ్లు పంపి ఊరుకున్నాం. మెయిల్ చూసే షాపులు ఎన్నుంటాయి? వాళ్లు కడుతున్నామనే అనుకుని ఉంటారు. వీళ్లని నేను ఎగ్గొట్టినవాళ్ల లిస్టులో వేశాను. ఇవాళ నిద్ర పట్టదు.

మాదాపూర్_బ్యాకెండ్ | ఏప్రిల్ 22, ఉదయం 8:10

ధర 12,700 చేయండి. జీఎస్టీతో 14,986 అవుతుంది, 15,000 లోపే. ఏడాదికి ఒక్కో షాపు మీద 299 పోతుంది, ఆటో డెబిట్ నిలబడుతుంది.

కాకినాడ_సపోర్ట్ | ఏప్రిల్ 22, ఉదయం 11:00

నేను తొమ్మిదేళ్లుగా సపోర్టు డెస్కులోనే ఉన్నాను, ఫోన్లు చేయడమే నా పని. రెన్యువల్ కట్టనివాళ్లకి ఫోన్ చేస్తే "డబ్బుల్లేవు" అనేవాళ్లు చాలా తక్కువండీ. "నాకు మెసేజ్ రాలేదే" అనేవాళ్లే ఎక్కువ. ఎందుకు రాలేదని తవ్వితే ఏం తేలుతుందో చెబుతాను.

ఖాతా తెరిచిన రోజు షాపులో ఎవరి చేతిలో ఫోనుంటే ఆ నంబరు ఇస్తారు. చాలాసార్లు అది గుమాస్తాది. ఓనరుకి టైపు చేయడం చిరాకు, "నీది కొట్టరా" అంటాడు. ఏడాది తిరిగేసరికి ఆ కుర్రాడు మానేసి హైదరాబాదులో ఇంకెక్కడో చేస్తుంటాడు. మన రిమైండర్లన్నీ అతనికి పోతుంటాయి. ఒక కుర్రాడు నాతో అన్నాడు, "మేడం, ఆ షాపు ఓటీపీలు ఇంకా నాకే వస్తున్నాయి, ఎవరికి చెప్పాలో తెలీలేదు" అని. మంచివాడు కాబట్టి చెప్పాడు. ఓటీపీ అతనికి వస్తోందంటే ఆ షాపు అరువు ఖాతా మొత్తం అతను తెరవగలడన్నమాట. వాడకుండా పడి ఉన్న ఖాతాలో నాకు భయం వేసేది ఇక్కడే. ఎవరైనా లోపలికి వచ్చిపోయినా గమనించే మనిషుండడు.

అందుకని ముందు 248 మందికీ ఫోన్ చేయండి. నంబరు కలవకపోతే షాపు బోర్డు మీది నంబరు, జీఎస్టీ రిజిస్ట్రేషన్లో ఉన్న నంబరు ప్రయత్నించండి. మొదటి మాట డబ్బు గురించి అడక్కండి. "మీ ఖాతా మీ నంబరు మీదే ఉందాండీ?" అని అడగండి. తర్వాత వాళ్లే అడుగుతారు ఎంత కట్టాలని.

లెడ్జర్_గుంటూరు | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 1:45

నేను జీఎస్టీ ప్రాక్టీషనర్ని. ఒక ప్రశ్న. రెన్యువల్ తేదీ రాగానే మీ సిస్టం టాక్స్ ఇన్వాయిస్ తనంతట తనే కొట్టేస్తోందా?

బెజవాడ_డెవ్ | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:10

అవునండి. ఇన్వాయిస్ తయారై మెయిల్‌కి పోతుంది. కట్టాక రసీదు పోతుంది.

లెడ్జర్_గుంటూరు | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:55

అదే భయపడ్డాను. ఒక కౌంటర్ వాళ్లు 191 మంది అనుకుంటే ఒక్కొక్కరి మీద 1,080, మూడు కౌంటర్ల 57 మంది మీద ఒక్కొక్కరికి 2,339 చిల్లర. తలా ఒక్క ఇన్వాయిస్ లెక్కన చూసినా దాదాపు 3,39,650 రూపాయల జీఎస్టీ, మీకు అందని డబ్బు మీద మీ జేబులోంచి పోయి ఉంటుంది. ఇన్‌కం టాక్స్‌లో మొండి బకాయి రాసేసుకోవచ్చు. జీఎస్టీలో ఆ వెసులుబాటు లేదు. ఇన్వాయిస్ ఇచ్చారంటే కట్టాలి.

ఇకమీదట రెన్యువల్‌కి ప్రొఫార్మా (టాక్స్ ఇన్వాయిస్ కాని ముందస్తు బిల్లు) పంపండి, డబ్బు అందిన రోజున టాక్స్ ఇన్వాయిస్ ఇవ్వండి. ఒప్పందంలో కూడా "రెన్యువల్ డబ్బు అందాకే మొదలవుతుంది" అని స్పష్టంగా రాసుకోండి. ఆటోమేటిగ్గా రెన్యువల్ అవుతుందని రాసి ఉంటే, కట్టాల్సిన తేదీయే ఇన్వాయిస్ తేదీ అనే వాదన వస్తుంది. ఇప్పటికే ఇచ్చినవాటిలో అసలు సేవ అందించనివాటికి క్రెడిట్ నోటు (ఇచ్చిన ఇన్వాయిస్ మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వొచ్చు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 లోపు, లేదా మీరు వార్షిక రిటర్ను వేసేలోపు, ఏది ముందైతే అప్పటికి. మీ ఆడిటర్‌తో కూర్చుని ఒక్కోటీ చూసుకోండి. లాగిన్ తెరిచి ఉంచి, వాళ్లు వాడుకుంటూ ఉంటే మాత్రం సేవ అందలేదని చెప్పలేరు. కరీంనగర్ ఆయన లాక్ చేయమన్న మాటలో ఆ మేరకి న్యాయం ఉంది.

డిలీట్ సంగతి. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2023-24 సంవత్సరానికి ఆ గడువు 2024 డిసెంబర్ 31. అంటే ఆ ఏడాది బిల్లులు 2030 డిసెంబర్ 31 దాకా ఉండాలి. ఆ బాధ్యత షాపు ఓనరుది, మీది కాదు, నిజమే. కానీ అతని పుస్తకాలు మీ సర్వర్లో ఉన్నాయి. రేపు నోటీసు వస్తే అతను ఏం చూపిస్తాడు? మీరు 30 రోజుల్లో తీసేస్తే ఆరేళ్ల లెక్క అడిగే అధికారి ముందు అతను ఖాళీ చేతులతో నిలబడాలి. నా క్లయింట్లలో ఒకరికి ఇలాగే జరిగింది. పేపరు బిల్లులు చెదలు పట్టాయి, కంప్యూటర్లోవి కంపెనీ తీసేసింది. అతను తప్పు చేయలేదు, చేయలేదని నిరూపించుకోలేకపోయాడు.

డాలస్_తెలుగు | ఏప్రిల్ 22, రాత్రి 8:30

కట్టకుండా వాడేవాళ్ల గురించే మాట్లాడుతున్నాం. కడుతూ వాడనివాళ్ల సంగతి? ఆటోపే పోతుంటుంది, లాగిన్ ఉండదు. 2020లో నెట్‌ఫ్లిక్స్ ఈ పని చేసింది. చేరిన దగ్గర్నుంచి ఏడాదిగా ఏమీ చూడనివాళ్లనీ, రెండేళ్లకి పైగా చూడటం మానేసినవాళ్లనీ "కొనసాగాలా?" అని అడిగి, జవాబు రాకపోతే తనే రద్దు చేసింది. మళ్లీ చేరితే పాత ప్రొఫైల్, ఇష్టాలు పది నెలల దాకా అలాగే ఉంటాయని చెప్పింది. మీ 702లోనూ అలాంటివాళ్లుంటారు. మూసేసిన షాపు నుంచి ఏటా 7,080 లాగుతూ పోతే, కనిపెట్టిన రోజున ఆ మనిషి మిమ్మల్ని ఏమంటాడో ఆలోచించండి.

గూగుల్ కూడా 2023 డిసెంబర్ నుంచి రెండేళ్లుగా వాడని వ్యక్తిగత ఖాతాలు తీసేయడం మొదలుపెట్టింది. స్కూళ్లు, వ్యాపారాల ఖాతాలు ముట్టుకోలేదు. తీసేముందు ఆ ఖాతాకీ, రికవరీ మెయిల్‌కీ, రెండు చోట్లకీ చాలాసార్లు చెబుతామంది. కాకినాడ మేడం చెప్పిన గుమాస్తా నంబరు కథకి విరుగుడు అదే. రెండో నంబరు తప్పనిసరి చేయండి.

కరీంనగర్_కోడ్ | ఏప్రిల్ 22, రాత్రి 9:15

ట్రయల్ 190 మీద ఎవ్వరూ మాట్లాడలే. అందులో ఒక్కడే మూడు నంబర్లతోని మూడు ట్రయల్‌లు తెరిచినోళ్లు ఉంటరు, సూస్కో. నేను జేసింది ఏందంటే, ట్రయల్‌ను ఫోన్ నంబరు మీద ఇచ్చుడు బంద్ జేసిన. స్కూలు కోడు మీద ఒక్కటే ట్రయల్. మీకైతే పురుగుమందుల లైసెన్సు నంబరు ఉంటది కదా, చిన్న షాపులకు జీఎస్టీ లేకపోయినా లైసెన్సు ఉండాల్సిందే. ఒక లైసెన్సుకు ఒకటే ట్రయల్. ఒక్క బిల్లు లేని ఖాతాను తీసేస్తే ఎవ్వలకూ నష్టం లేదు.

పల్నాడు_షాపు | ఏప్రిల్ 23, ఉదయం 7:20

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటా. మీ షాపుల రెన్యువల్ తేదీలు ఏ నెలలో ఉన్నాయో చూడండి. సాఫ్ట్‌వేర్ కావాలని మాకు ఎప్పుడనిపిస్తుంది? సీజన్ ముంచుకొచ్చినప్పుడు, జూన్లో. అప్పుడు చేరతాం. మళ్లీ ఏడాది తర్వాత మీ తేదీ జూన్లోనే వస్తుంది. జూన్లో మా డబ్బంతా గోడౌన్లో ఉంటుంది, బస్తాల రూపంలో. డబ్బు చేతికొచ్చేది పత్తి, మిర్చి అమ్ముడయ్యాక, సంక్రాంతి నుంచి ఉగాది లోపు. ఆ నెలల్లో అడిగితే టక్కున ఇచ్చేస్తాం. జూన్లో అడిగితే మంచివాడు కూడా తప్పించుకు తిరుగుతాడు.

బెజవాడ_డెవ్ | ఏప్రిల్ 23, ఉదయం 9:05

ఇప్పుడే చూశానండి. 248లో 139 మంది రెన్యువల్ తేదీ జూన్, జులై నెలల్లోనే ఉంది. నాలుగేళ్లుగా మా కళ్ల ముందే ఉంది.

మాదాపూర్_బ్యాకెండ్ | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 12:40

అయితే నా సలహా. ఖాతాకి ఆన్, ఆఫ్ అని రెండే స్థితులు పెట్టకండి. తేదీ దాటాక 15 రోజులు అన్నీ నడవాలి. ఆ తర్వాత "చూడటానికి మాత్రమే": పాత బిల్లులు తెరుచుకుంటాయి, అరువు లిస్టు ప్రింటవుతుంది, రైతు ఇచ్చిన డబ్బు జమ కూడా వేసుకోవచ్చు. కొత్త అమ్మకం బిల్లు మాత్రం పడదు. జమ ఆపొద్దని ఎందుకంటున్నానంటే, ఆ వసూలైన డబ్బుతోనే వాళ్లు మీకు కట్టాలి. ఈ స్థితిలోకి రాగానే ఎస్ఎంఎస్ అలర్టులు ఆపేయండి, మీ ఖర్చులో పెద్ద ముక్క అదే. డేటాబేసులో ఒక షాపు నాలుగేళ్ల బిల్లులు పట్టే చోటుకి అయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. మార్పు లేని ఖాతాకి రోజూ కొత్త బ్యాకప్ ఎందుకు? ఒక్కసారి తీసి, ఎన్‌క్రిప్ట్ చేసి, చవక స్టోరేజీలో పెట్టేయండి.

బకాయి నోటీసు కౌంటర్ స్క్రీన్ మీద ఎప్పుడూ రాకూడదు. ఓనరు లాగిన్‌లో మాత్రమే. పల్నాడు ఆయన చెప్పింది చదివాక మా ఆఫీసులో కూడా ఇవాళే మార్చాం.

ఎల్లకాలం ఉంచడమూ సరికాదు. ఆ ఖాతాల్లో రైతుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశమే పని తీరాక, వేరే చట్టం ఉంచమనకపోతే, తీసేయమని. కాబట్టి షాపు మూసేసినవాళ్లకి మొత్తం లెక్క ఎక్సెల్‌లో, పీడీఎఫ్‌లో అప్పగించి, "అందింది, తీసేయండి" అని రాతపూర్వకంగా తీసుకుని అప్పుడు డిలీట్ చేయండి.

కాకినాడ_సపోర్ట్ | ఏప్రిల్ 23, మధ్యాహ్నం 1:15

మెసేజ్ మాటలు కూడా మార్చండి. "నిలిపివేయబడింది" తీసేయండి. నేను పంపేది ఇది, కావాలంటే వాడుకోండి: "నమస్కారమండి. మీ సబ్‌స్క్రిప్షన్ గడువు ఈ నెల 20తో అయిపోయింది. మీ పాత బిల్లులు, అరువు ఖాతాలు ఎప్పటిలాగే చూసుకోవచ్చు. కొత్త బిల్లులు వేయాలంటే రెన్యువల్ చేయించుకోండి. ఇబ్బంది ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి, మనిషే మాట్లాడతారు." చివరి మాట చూసి ఫోన్ చేసేవాళ్లు చాలామంది.

బెజవాడ_డెవ్ | మే 16, సాయంత్రం 5:30

మే 1న స్క్రిప్టు నడపలేదు. మూడు వారాలు నలుగురం ఫోన్ల మీదే కూర్చున్నాం. జరిగింది చెప్పడం నా బాధ్యత.

ధర 12,700 చేసి మాండేట్లు కొత్తగా పెట్టిస్తే 41లో 36 మంది కట్టేశారు. ఒకాయన "రెండేళ్లుగా మీకు డబ్బు పోతూనే ఉందనుకున్నా, నా తప్పు కాదు కదా?" అని మూడుసార్లు అడిగాడు. కాదని మూడుసార్లూ చెప్పాను. ఫోన్లు చేశాక ఇంకో 74 మంది కట్టారు. వాళ్లలో 22 మంది తేదీని జనవరికి జరిపించుకున్నారు. జూన్ నుంచి ఏడు నెలలకి 3,500, జీఎస్టీతో 4,130 తీసుకుని, సంక్రాంతికి పూర్తి ఏడాదిది కట్టేలా. 49 మంది షాపు మూసేసినవాళ్లో వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినవాళ్లో. లెక్కలు ఫైళ్లుగా అప్పగించి రాతలు తీసుకున్నాం. వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు ఫైలు అందాక తిరిగొచ్చారు, వాళ్లని 74లోనే కలిపాను. 58 మంది జూన్లో చూద్దామన్నారు, "చూడటానికి మాత్రమే"లో ఉన్నారు. గుమాస్తాల నంబర్లు 63 దొరికాయి, అన్నీ మార్చాం. ట్రయల్ 190 ఒక వారం ముందు చెప్పి తీసేశాం.

కరీంనగర్ అన్నా, 15 రోజులు దాటాక కొత్త బిల్లు పడదు. ఆ ఒక్కటి నీ మాటే.

ఇంకా 31 మిగిలాయి. ఏ నంబరూ కలవడం లేదు. అందులో తొమ్మిది సత్తెనపల్లి చుట్టుపక్కలవే. ఈ గురువారం ఆ తొమ్మిది షాపుల అరువు లిస్టులు ప్రింటు తీసుకుని బస్సులో వెళ్తున్నా. పల్నాడు గారూ, ఆ వైపు ఎరువుల డీలర్లు పొద్దున ఎన్నింటికి షాపులు తీస్తారు?

పల్నాడు_షాపు | మే 16, రాత్రి 7:45

ఎనిమిదికల్లా తీస్తారు. మధ్యాహ్నం ఎండకి ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా మూస్తారు, ఆ టైములో వెళ్లకండి. కవర్ల మీద షాపు పేరు రాసి అంటించండి, పక్క షాపువాళ్ల చేతికి లిస్టు పడకూడదు. వీలుంటే మా షాపుకీ రండి. మా పుస్తకం ఒకసారి చూపిస్తాను, 212 ఇప్పుడు 240 అయ్యాయి.